మూడు వారాలుగా గిగా సీల్ రావట్లేదు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

మానస_రిగ్2
పీహెచ్‌డీ రెండో ఏడు. హెక్ 293 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) ఒక పొటాషియం చానల్ పెట్టి ప్యాచ్ క్లాంప్ చేస్తున్నాను, అంటే సన్నటి గాజు పిపెట్ కొనని కణం పొరకి అతికించి చానల్‌లోంచి పోయే కరెంటు కొలవడం. ఫిబ్రవరి దాకా పది కణాలు ప్రయత్నిస్తే ఆరేడింటికి సీల్ వచ్చేది, అంటే గాజు పొరకి గట్టిగా అతుక్కుని రెసిస్టెన్స్ గిగాఓమ్ (వెయ్యి మెగాఓమ్‌లు) దాటేది. మార్చి రెండో వారం నుంచి ఒక్కటంటే ఒక్కటి కూడా గిగాఓమ్ దాటలేదు. పిపెట్ కణానికి ఆనగానే రెసిస్టెన్స్ పెరగడం మొదలవుతుంది. 150, 200, మహా అయితే 300 మెగాఓమ్‌ల దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఇంకాస్త పీలిస్తే పొర చిరిగిపోతోంది.

గాజు బోరోసిలికేట్, బయటి వ్యాసం 1.5 మిల్లీమీటర్లు, లోపలిది 0.86. పిపెట్ రెసిస్టెన్స్ 3 నుంచి 5 మెగాఓమ్‌లు. బాత్‌లో (కణాలు మునిగి ఉండే ద్రావణం) సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం 2, మెగ్నీషియం 1, హెపెస్ 10, గ్లూకోజ్ 10, అన్నీ మిల్లీమోలార్‌లలో, పీహెచ్ 7.4. ఇంటర్నల్ (పిపెట్‌లో నింపే ద్రావణం) పొటాషియం గ్లూకోనేట్‌ది, పీహెచ్ 7.2. రెండూ రెండుసార్లు కొత్తగా కలిపాను. కణాలు కొత్త వయల్ తీశాను. పుల్లర్ (గాజుని వేడిచేసి లాగి పిపెట్ చేసే మిషన్) ఫిలమెంట్ కూడా మార్చాను. వచ్చే నెల కమిటీ మీటింగ్ ఉంది, చూపించడానికి ఒక్క ట్రేస్ (రికార్డ్ చేసిన కరెంటు గీత) లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గట్టిసీల్
ముందు స్థిమితపడు అమ్మా. ఇది అందరికీ వచ్చే కష్టమే. నాకు పోస్ట్‌డాక్ మొదట్లో ఐదు వారాలు ఇలాగే గడిచాయి.

నాలుగు ప్రశ్నలు. ఆస్మోలారిటీ (ద్రావణంలో కరిగినవాటి మొత్తం గాఢత) కొలిచావా, లెక్కలోనే వేసుకున్నావా? ఇంటర్నల్ ఫిల్టర్ చేస్తున్నావా? కణాల్ని ట్రిప్సిన్ (కణాల్ని విడదీసే ఎంజైమ్) పెట్టి ఎన్ని గంటలకి వాడుతున్నావు? మార్చి రెండో వారంలో ల్యాబ్‌లో ఏం మారింది? చివరిది బాగా ఆలోచించి చెప్పు. "ఏమీ మారలేదు" అనే అంటారు అందరూ. ఏదో ఒకటి మారే ఉంటుంది.

కణజాలం
నన్నడిగితే ట్రిప్సిన్. ఉదయం విడదీసి మధ్యాహ్నం రిగ్ (రికార్డింగ్ పరికరాలున్న బల్ల) దగ్గరికి తీసుకెళ్లేవాళ్లని చాలామందిని చూశాను. విరిగిన కణాల ముక్కలు, జిగురులా తీగలు తీగలుగా డీఎన్ఏ అంతా డిష్‌లోనే ఉంటుంది. అవి కొనకి అంటితే ఇక సీల్ రాదు. రాత్రి పలచగా వేసి మర్నాడు వాడు. కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే అసలు ముట్టుకోకు.

మానస_రిగ్2
ఆస్మోమీటర్ పక్క ల్యాబ్‌లో ఉంది, కొలిచాను. బాత్ 308, ఇంటర్నల్ 290. ఇంటర్నల్‌ని ప్రతిరోజూ 0.2 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో వడగట్టే నింపుతాను. కణాలు వేసిన 20 గంటల తర్వాతే వాడుతున్నాను, పలచగానే ఉంటాయి.

మారినవి అంటే... మా సీనియర్ థీసిస్ ఇచ్చి వెళ్లిపోయారు. ఏసీ సర్వీసింగ్ జరిగింది. గాజు కొత్త డబ్బా తెరిచాం, కానీ కొలతలు అవే. పాత, కొత్త డబ్బాలు పక్కపక్కన పెట్టి చూశాను.

గట్టిసీల్
నీ నంబర్లు బాగానే ఉన్నాయి. ఇంటర్నల్ బాత్ కన్నా కొంచెం తక్కువ ఉండాలి, ఉంది. కాబట్టి ద్రావణాల జోలికి మళ్లీ వెళ్లకు. అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి మార్చేస్తే, రేపు సీల్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఫైర్ పాలిష్ (పిపెట్ కొనని వేడితో నున్నగా చేయడం) చేస్తున్నావా?

మానస_రిగ్2
లేదు. ఫిబ్రవరిలో కూడా చెయ్యలేదు, అయినా వచ్చేవి.

ఓరుగల్లు_పిల్ల
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఎమ్మెస్సీ. 300 మెగాఓమ్‌లు కూడా పెద్ద రెసిస్టెన్సే కదా. దానితోనే రికార్డ్ చేసుకోకూడదా? గిగా అనే పట్టు ఎందుకు?

గట్టిసీల్
మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. కణాన్ని మైనస్ 70 మిల్లీవోల్ట్‌ల దగ్గర పట్టుకున్నావనుకో. సీల్ 250 మెగాఓమ్‌లైతే గాజుకీ పొరకీ మధ్య సందులోంచి 280 పికోఆంపియర్‌లు కారిపోతుంటాయి. అదే 5 గిగాఓమ్‌లైతే కారేది 14. నువ్వు చూడాలనుకున్న ఒక్క చానల్ కరెంటేమో కొన్ని పికోఆంపియర్‌లు మాత్రమే. చెరువు గండిలోంచి నీళ్లు పోతుంటే గట్టు మీద పడ్డ వాన చుక్కని కొలవగలవా?

కారడం ఒక్కటే కాదు. ఆ సందు రెసిస్టెన్స్ తనంతట తాను కూడా నాయిస్ పుట్టిస్తుంది, వేడివల్ల. రెసిస్టెన్స్ తక్కువైన కొద్దీ ఆ నాయిస్ పెరుగుతుంది. 1 గిగాఓమ్ దగ్గర 1 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో అది దాదాపు 0.13 పికోఆంపియర్‌లు. 50 మెగాఓమ్‌ల దగ్గర అర పికోఆంపియర్ దాటిపోతుంది.

గోదారి_గట్టు
దీనికి చరిత్ర కూడా ఉంది. 1976లో నేహర్, సక్మన్ జర్మనీలోని గాటింగెన్‌లో మొదటిసారి ఒక్క చానల్ తెరుచుకుని మూసుకోవడం చూశారు. కప్ప కండరం మీద, అసిటైల్‌కోలిన్ రిసెప్టర్. అప్పటికి గిగా సీల్ లేదు. వాళ్ల సీల్ పదుల మెగాఓమ్‌లే. అంత నాయిస్‌లోనే ఆ చిన్న మెట్లని పట్టుకున్నారు. 1980 ప్రాంతంలో తెలిసింది ఏమిటంటే, అప్పుడే లాగిన శుభ్రమైన పిపెట్ వాడి కాస్త పీలిస్తే రెసిస్టెన్స్ ఒక్కసారిగా గిగాఓమ్‌లకి ఎగురుతుందని. 1981లో ఐదుగురు కలిసి రాసిన పేపర్‌లో ఇదంతా వివరంగా ఉంటుంది. సెల్ అటాచ్డ్, ఇన్‌సైడ్ అవుట్, అవుట్‌సైడ్ అవుట్, హోల్ సెల్, అన్ని పద్ధతులూ అందులోనే ఉన్నాయి. 1991లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నేను చూసుకున్న ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు ఆ పేపరే పాఠ్యపుస్తకం. అందులో నేను పట్టుకున్న ముక్క ఒక్కటే: ఒక పిపెట్, ఒక కణం, ఒకే ఒక్కసారి. ఒకసారి పొరకి ఆనిన కొన మళ్లీ పనికిరాదు.

ఇప్పుడు మానసకి నా ప్రశ్న. పిపెట్ బాత్‌లోకి దిగాక, మైక్రోస్కోప్‌లో చూస్తే కొన ముందున్న చెత్త దూరంగా కొట్టుకుపోతోందా, నిలబడి ఉంటోందా?

మానస_రిగ్2
మాస్టారూ, నిజం చెప్పాలంటే అది ఎప్పుడూ గమనించలేదు. సిరంజితో కొంచెం ప్రెషర్ ఇచ్చి స్టాప్‌కాక్ (గొట్టంలో గాలిని ఆపే చిన్న కుళాయి) మూసేసి దింపుతాను. మా సీనియర్ అలాగే నేర్పారు.

గోదారి_గట్టు
రేపు అదే చూడు. బాత్ పైన నీటి పొర మీద మన కంటికి కనపడని మురికి తేలుతుంటుంది. కొన దాన్ని గుచ్చుకునే లోపలికి వెళ్లాలి. లోపలినుంచి ద్రావణం సన్నగా బయటికి ఊదుతుంటేనే ఆ మురికి అంటదు. ప్రెషర్ లేకపోతే కణం దాకా వెళ్లకముందే నీ గాజు మురికైపోయినట్టే. ఆ తర్వాత ఎంత పీల్చినా 200, 300 దగ్గర ఆగిపోతుంది. నువ్వు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

కణజాలం
మాస్టారూ, మీతో ఏకీభవించలేను. ప్రెషర్ లేకపోతే కొన్ని అయినా అదృష్టం కొద్దీ సీల్ అవ్వాలి కదా? మూడు వారాల్లో ఒక్కటీ రాలేదంటే కణాల పొరలోనే ఏదో ఉంది. మైకోప్లాస్మా (పెంచే కణాలకి పట్టే బ్యాక్టీరియా) టెస్ట్ చేయించమని నా సలహా.

గట్టిసీల్
మైకోప్లాస్మా టెస్ట్ ఎలాగూ చేయించాలి, అందులో వాదన లేదు. కానీ తను కొత్త వయల్ తీసినా మార్పు రాలేదు. ఒక పని చేస్తే తేలిపోతుంది. మానసా, నీ డిష్ ఒకటి వేరే ల్యాబ్ రిగ్ మీద పెట్టి చూడు. అక్కడ సీల్ అయితే కణాలు, బాత్ నిర్దోషులు.

ఎర్త్‌పిట్_శీను
నేను పరికరాల వైపు మనిషిని, కణాల సంగతి తెలియదు. ప్రెషర్ లీక్ పట్టుకోవడానికి ఖర్చు లేని దారి చెబుతాను. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకోవడానికి వాడే పారదర్శక గొట్టం ఒక మీటరు కొను. యూ ఆకారంలో స్కేలుకి కట్టి సగం దాకా రంగు నీళ్లు పొయ్యి. ఒక చివర నీ ప్రెషర్ లైన్‌కి టీ జాయింట్‌తో కలుపు. సిరంజి నొక్కితే రెండు వైపుల నీటి మట్టాల్లో తేడా కనపడుతుంది. 10 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు 10 మిల్లీబార్. స్టాప్‌కాక్ మూసి ఐదు నిమిషాలు చూడు. పిపెట్ కొన మైక్రాన్ వెడల్పే కాబట్టి దానిలోంచి పోయేది లెక్కలోకి రాదు. మట్టం పడిపోతోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. పడిపోతే గొట్టాన్ని ఒక్కో చోట వేలితో నొక్కి పట్టుకుంటూ రా, ఎక్కడ నొక్కితే ఆగుతుందో దాని అవతలే లీక్.

ఓరుగల్లు_పిల్ల
మేస్త్రీ గొట్టంతో మానోమీటర్! మా ల్యాబ్‌లో రేపే కడతాను.

లేజర్_లక్ష్మి
నాది ఆప్టికల్ ట్వీజర్స్. మీ కష్టాలు చదువుతుంటే మావే గుర్తొస్తున్నాయి. మేము లేజర్ వెలుగుతో పూసని పట్టుకుని పికోన్యూటన్‌ల బలం కొలుస్తాం. కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ ఒక్కో అడుగు 8 నానోమీటర్లు వేస్తుంది. ఏసీ గాలి నేరుగా టేబుల్ మీద పడిందంటే ఆ అడుగులు కనపడవు, అలలే కనపడతాయి. మానస ల్యాబ్‌లో ఏసీ సర్వీసింగ్ జరిగిందన్నారు కదా, గాలి దిశ మారిందేమో చూడండి. పిపెట్ కణం మీద ఉండగా రెండు మైక్రాన్లు జరిగినా సీల్ చెడుతుంది.

అన్నట్టు ఈ ట్వీజర్స్ 1986లో చూపించిన ఆర్థర్ ఆష్కిన్‌కి నోబెల్ వచ్చింది 2018లో, 96 ఏళ్ల వయసులో. కమిటీ మీటింగ్ ఆలస్యమైనా దిగులు పడకు మానసా.

మానస_రిగ్2
థాంక్స్ అక్కా, చాలా రోజుల తర్వాత నవ్వాను. గాలి చూశాను, కర్టెన్ ఉంది, పిపెట్ జరగట్లేదు.

ఈరోజు రెండు పనులు చేశాను. డిష్, బాత్ పక్క డిపార్ట్‌మెంట్ రిగ్ మీదికి తీసుకెళ్లాను. వాళ్ల పిపెట్‌తో, నా ఇంటర్నల్‌తో మొదటి కణమే 1.8 గిగాఓమ్. మూడింట్లో రెండు సీల్ అయ్యాయి. అంటే కణాలు, ద్రావణాలు బాగున్నాయి. నాకు సంతోషించాలో బాధపడాలో తెలియలేదు.

తర్వాత మా రిగ్ మీద కొన ముందు చూశాను. మాస్టారు చెప్పినట్టే. చెత్త దూరంగా పోవట్లేదు. మొదటి రెండు మూడు సెకన్లు పోతుంది, తర్వాత నిలబడిపోతుంది. ఒక ముక్క నెమ్మదిగా కొన వైపే వచ్చి అంటుకుంది.

కణజాలం
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారు చెప్పిందే నిజం. మైకోప్లాస్మా టెస్ట్ మాత్రం చేయించు.

డేటాబాబు
నేను ఒక మందుల కంపెనీలో ఆటోమేటెడ్ ప్యాచ్ క్లాంప్ నడుపుతాను. ఒకేసారి 384 బావులున్న ప్లేటు. పిపెట్ లేదు, కణమే వచ్చి చిల్లు మీద కూర్చుంటుంది. ఈ గాజు లాగడం, కొనలు దిద్దడం ఇంకా ఎన్నాళ్లు చేస్తారు? ఏ విద్యార్థీ మూడు వారాలు ఇలా పోగొట్టుకోకూడదని నా బాధ.

గట్టిసీల్
బాబూ, నీ మిషన్ గొప్పదే. ఒకే రకం కణాల మీద వెయ్యి మందులు పరీక్షించాలంటే అదే కావాలి. కానీ మెదడు ముక్కలో ఫలానా న్యూరాన్‌నే, దాని ఆకారం చూసి, పక్కవాటిని కదపకుండా పట్టుకోవాలంటే? అక్కడ చేత్తో లాగిన గాజే దిక్కు. మిషన్ ఖరీదు, ఒక్కో చిప్ ఖరీదు కూడా మన ల్యాబ్‌లకి చిన్న విషయం కాదు.

డేటాబాబు
స్లైస్ విషయంలో ఒప్పుకుంటాను. హెక్ కణాల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

గోదారి_గట్టు
ఇద్దరూ సరే. దారి తప్పకండి, ఆ అమ్మాయి లీక్ ఇంకా దొరకలేదు.

శీను గారూ, మీ గొట్టం ఉపాయం బాగుంది. మేము కడప బండ కింద స్కూటర్ ట్యూబులు పెట్టి వైబ్రేషన్ టేబుల్ చేసుకున్న రోజులు గుర్తొచ్చాయి. గాలి మరీ గట్టిగా కొట్టకూడదు, మెత్తగా ఉండాలి, ఆ కిటుకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. మూడో అంతస్తులో లిఫ్ట్ ఆగినప్పుడల్లా పిపెట్ ఊగేది, బండ పెట్టాక తగ్గింది.

ఎర్త్‌పిట్_శీను
మాస్టారూ, అలాంటి పనులకే నేను ఈ వృత్తిలో ఉన్నాను. ఒకచోట 50 హెర్ట్జ్ హమ్ పోవట్లేదని పిలిచారు. ఫారడే కేజ్ (బయటి విద్యుత్ నాయిస్‌ని ఆపే లోహపు పంజరం) కొత్తది, వైర్లన్నీ ఒకే గ్రౌండ్ బిందువుకి చక్కగా తెచ్చారు, అయినా ట్రేస్ దుప్పటిలా మందంగా ఉంది. మల్టీమీటర్ పెడితే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 11 వోల్ట్‌లు. గోడ వెనక వైరు పట్టుకుని వెళ్తే బిల్డింగ్ వెనక ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంది. ఎండాకాలం, నీళ్లు పోసినవాళ్లు లేరు. ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి, రాగి ప్లేటు శుభ్రం చేసి, నాలుగు బిందెల నీళ్లు పోస్తే సాయంత్రానికి 1 వోల్ట్ లోపుకి దిగింది. ట్రేస్ దారంలా సన్నబడింది. ఆంప్లిఫయర్‌ని అనుమానించి అప్పటికే వాళ్లు దాన్ని రిపేరుకి పంపించి ఉన్నారు.

ఓరుగల్లు_పిల్ల
ఎర్త్ గొయ్యికి నీళ్లు పోయడం కూడా బయోఫిజిక్సే అని మా గైడ్‌కి చెబుతాను.

ఇంకో ప్రశ్న. ఇంటర్నల్‌లో ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ ఎందుకు వేస్తారు?

గోదారి_గట్టు
హోల్ సెల్ పద్ధతిలో పిపెట్ కింది పొర తెగాక, కణం లోపలి చిన్న చిన్న అణువులు కొన్ని నిమిషాల్లో పిపెట్‌లోకి కొట్టుకుపోతాయి. పిపెట్ ద్రావణం ఆ కణంతో పోలిస్తే సముద్రం. పంపులు, కినేజ్‌లు పనిచేయాలంటే ఏటీపీ మనం ఇవ్వాలి. ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయిన ఏటీపీని మళ్లీ నింపడానికి.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో ఫిస్క్‌తో కలిసి బయటపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి హార్వర్డ్ దాకా వెళ్లారు. రెండేళ్లకి కండరంలో ఏటీపీని కూడా వాళ్లిద్దరూ వేరుచేశారు, జర్మనీలో లోమన్ విడిగా అదే చేశాడు. 1925లో వాళ్లు పెట్టిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఇప్పటికీ వాళ్ల పేర్లే. పిపెట్‌లో ఆ ద్రావణం నింపినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. పిల్లలకి ఈ మాట చెప్పకుండా ఇంటర్నల్ కలపడం నేర్పలేదు నేను.

ఓరుగల్లు_పిల్ల
ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు మాస్టారూ. మాకు ఆ పద్ధతి ప్రాక్టికల్ ఉంది, రికార్డులో పేరు రాశాను కానీ మనవాళ్లని తెలుసుకోలేదు.

మానస_రిగ్2
దొరికింది!!

గొట్టం కట్టాను. 12 సెంటీమీటర్ల తేడా పెట్టి స్టాప్‌కాక్ మూస్తే నలభై సెకన్లలో 3కి పడిపోయింది. సిరంజి దగ్గర, టీ దగ్గర, అన్నిచోట్లా నొక్కి చూశాను. హోల్డర్‌కి (పిపెట్‌ని పట్టుకునే భాగం) ముందు నొక్కితే మట్టం కదలకుండా నిలబడింది. అంటే లీక్ హోల్డర్‌లోనే.

హోల్డర్ విప్పాను. పిపెట్ చుట్టూ బిగిసే చిన్న రబ్బరు ఓ-రింగ్ తీసి డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద పెట్టాను. లోపలి అంచున నెలవంకలా కోత. ఆ కోతలో ఒక గాజు రవ్వ మెరుస్తోంది, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. మామూలు కంటికి రింగ్ బాగానే ఉన్నట్టు కనపడుతుంది. డ్రాయర్‌లో సీనియర్ దాచిన కొత్త రింగ్ ఒకటి దొరికింది. హోల్డర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టి అది వేశాను. మళ్లీ 12 పెట్టి ఐదు నిమిషాలు చూశాను, 12 దగ్గరే ఉంది.

తర్వాత డిష్ పెట్టాను. బాత్‌లో 5 మిల్లీవోల్ట్‌ల పల్స్‌కి 1250 పికోఆంపియర్‌ల మెట్టు. కొన ముందు చెత్త పక్కకి పోతోంది. కణం మీద చిన్న గుంట పడింది, మెట్టు కొంచెం కుంచించుకుంది. ప్రెషర్ వదిలాను, మైనస్ 60 పెట్టాను, కాస్త పీల్చాను. అంతే, మెట్టు చదునైపోయింది. 2.4 గిగాఓమ్. ఒక్కదాన్నే ఉన్నాను రిగ్ రూమ్‌లో, గట్టిగా అరిచేశాను, సెక్యూరిటీ అంకుల్ వచ్చి ఏమైందమ్మా అని అడిగారు.

గట్టిసీల్
శెభాష్! ఇప్పుడు రెండో సగం. రింగ్ ఎందుకు తెగింది? కొత్త డబ్బా గాజు వెనక చివర వేలితో జాగ్రత్తగా తాకి చూడు, పాత డబ్బాలో మిగిలినవి ఉంటే వాటితో పోల్చు.

మానస_రిగ్2
అన్నా, పాత గాజు చివరలు నున్నగా గుండ్రంగా ఉన్నాయి. కొత్తవి కోసినవి కోసినట్టే ఉన్నాయి, గోరు మీద గీస్తే తెల్లగా గీత పడుతోంది. కొలతలు ఒకటే కాబట్టి తేడా ఉంటుందని ఊహించలేదు. ఆర్డర్ పెట్టేటప్పుడు చివరలు పాలిష్ చేసినవి అని రాయలేదట. ప్రతి పిపెట్‌నీ హోల్డర్‌లోకి తోసినప్పుడల్లా అది రబ్బరుని చెక్కుతూ వచ్చింది.

గోదారి_గట్టు
ఆ పదునే పిపెట్ లోపల ఎలక్ట్రోడ్‌గా ఉండే వెండి తీగ మీది క్లోరైడ్ పూతని కూడా గీకేస్తుంది. తీగ ఒకసారి చూడు, ముదురు బూడిద రంగు పోయి ఎక్కడైనా వెండి మెరుస్తోందా? మెరిస్తే ఆఫ్‌సెట్ (కొలతలో సున్నా స్థానం) నిలకడగా ఉండక జరిగిపోతూ ఉంటుంది.

ఉన్న గాజు పారేయక్కర్లేదు. లాగడానికి ముందే రెండు చివరలూ బన్సెన్ మంటలో కొన్ని సెకన్లు తిప్పుతూ పెట్టు. రెండూ ఎందుకంటే, మధ్యలో లాగితే రెండు పిపెట్లు వస్తాయి, ఆ రెండు చివరలే వాటి వెనక భాగాలవుతాయి. అంచు గుండ్రబడగానే తీసెయ్యి. ఎక్కువసేపు ఉంచితే రంధ్రం మూసుకుపోతుంది, తీగ దూరదు.

మానస_రిగ్2
తీగ నిజంగానే ఒకవైపు మెరుస్తోంది మాస్టారూ. బ్లీచ్‌లో పెట్టాను, పావుగంటలో మళ్లీ ముదురు రంగుకి వచ్చింది. వంద గాజులు మంటలో పెట్టి డబ్బాలో సర్దాను, దుమ్ము పడకుండా మూత పెట్టాను.

నాలుగు రోజుల లెక్క: 31 కణాలు ప్రయత్నించాను, 22 గిగా దాటాయి. చానల్ బ్లాకర్ డోస్ ఒకటి పూర్తయింది. శీను గారి గొట్టం రిగ్ పక్కన గోడకి శాశ్వతంగా కట్టేశాను. కణజాలం గారూ, మైకోప్లాస్మా టెస్ట్ కూడా చేయించాను, నెగెటివ్.

ఓరుగల్లు_పిల్ల
మా ల్యాబ్‌లోనూ గొట్టం కట్టి చూశాం. ఐదు నిమిషాల్లో 10 నుంచి 6కి పడింది. రెండు రిగ్‌లలో ఒకదాని రింగ్‌కి కోత ఉంది. మానస అక్కా, మీరు రింగ్ ఏ సైజుది వేశారు?

మానస_రిగ్2
గాజు బయటి వ్యాసం 1.5 కాబట్టి ఆ సైజు గాజుకి సరిపోయేదే. హోల్డర్ మోడల్‌ని బట్టి రింగ్ మందం మారుతుంది చెల్లీ, పాతది విప్పి కొలిచాకే ఆర్డర్ పెట్టు. ఒకటి కాదు, పది తెప్పించు.